దేవుడమ్మ స్వెట్టరు

అప్పలనరసమ్మగారి దగ్గరికి ప్రశ్న పట్టుకుని వెళ్లినవాళ్లకి ఆ రోజు జవాబు దొరికేది కాదు. పని దొరికేది. అది ఆవిడ అలవాటు. ధ్యానంలో మనసు నిలవడం లేదని మొరపెట్టుకున్న పోస్టుమాస్టరు చేత పెరట్లో మిరియాల తీగలు చెట్లకి పాకించారు. కోపం తగ్గే ఉపాయం అడిగిన ఫారెస్టు గార్డుకి చిక్కుపడిన చేదతాడు ఇచ్చి, ఎక్కడా కొయ్యకుండా విప్పమన్నారు. ఇలా పని అందుకున్నవాళ్లలో కొందరు పనిలో పడి ప్రశ్న మరిచిపోయేవారు. కొందరు మధ్యలో చెయ్యి ఆపి, ఒక్క క్షణం ఎటో చూసి, తమలో తాము నవ్వుకుని ఇంటికి పోయేవారు. మూడో రకం కూడా ఉండేవారు. వాళ్లు చెప్పిన పనిని ఒకటికి రెండుసార్లు తప్పు చేసేవారు. వాళ్లంటే ఆవిడకి మహా ఇష్టం. దాలినాయుడు ఆ మూడో రకం.

ముసురుపాలెం చింతపల్లి మన్యంలో ఒక చిన్న ఊరు. నలభై గడప, ఒక కాఫీ గోదాము, ఒక బడి, ఊరి చివర, ఊరంతా అమ్మగారని పిలిచే అప్పలనరసమ్మగారి పెంకుటిల్లు. కార్తీకం దాటిందంటే పొద్దున్న తొమ్మిదింటి దాకా పక్కింటి కోడి కూత వినపడుతుంది గానీ పక్కిల్లు కనపడదు. ఇప్పుడంటే ఆ మంచు చూడ్డానికి కార్లేసుకుని వస్తున్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ రోజుల్లో ఆ మంచుని చూసి ఎవరూ మురిసిపోలేదు. కట్టెలు ఎండబెట్టుకున్నారు. అమ్మగారు ముప్ఫై ఒక్క ఏళ్లు నర్సీపట్నం హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఈ కొండ మీదికి వచ్చేశారు. కింద ఉంటే జనం శుభలేఖలు తెస్తారు, ఇక్కడైతే కట్టెలు తెస్తారు, కట్టెలే నయం అనేవారు. వచ్చాక వేదాంతం చెప్పడం మొదలుపెట్టారు. ప్రతి గురువారం మధ్యాహ్నం రెండు గంటలు అరుగు మీద పెద్దవాళ్లకి పాఠం. గంటన్నర ఆవిడ చెప్పేవారు, చివరి అరగంట విన్నవాళ్లది. ఆ అరగంటలో వాళ్లు ఏమైనా అడగొచ్చు. జవాబు రాకపోయినా సరే, అడగొచ్చు.

దాలినాయుడు ఆ అరుగు మీద తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నాడు. పార్వతీపురం వైపు మనిషి. పద్దెనిమిదేళ్లు మిలిటరీలో చేసి, లడఖ్‌లో లారీ దిగుతూ కాలు విరగ్గొట్టుకుని, పింఛనుతో వచ్చి గోదాములో సూపర్‌వైజరుగా కుదిరాడు. ఆ కాలు సంగతి ఇక్కడ అక్కర్లేదని అనిపించవచ్చు గానీ, ఆ కాలు విరక్కపోతే ఈ కథే లేదు. మిలిటరీ ఆసుపత్రిలో నాలుగు నెలలు సిమెంటు కట్టుతో పడుకున్నప్పుడు పక్క మంచం మీద ఒక గఢ్వాలీ నాయక్ ఉండేవాడు. వాళ్ల కొండల్లో మగవాళ్లు గొర్రెలు కాస్తూ ఊలు అల్లుతారట. ఆయన రెండు సైకిల్ చువ్వలు నూరి, మొనలు తీసి, దాలినాయుడి చేతిలో పెట్టి స్వెట్టరు అల్లడం నేర్పాడు. వెళ్లిపోయే ముందు ఒక పాత సెలవు కాగితం వెనక లెక్క మొత్తం రాసిచ్చాడు. ఎన్ని కుట్లు ఎక్కించాలి, ఎన్ని వరుసలకి చంక తిప్పాలి, మెడ దగ్గర ఎన్ని కుట్లు వదలాలి, అన్నీ. అది నలభై అంగుళాల ఛాతీ ఉన్న సిపాయి లెక్క. దాలినాయుడికి వచ్చిన లెక్క అదొక్కటే. దాంతో తన జీవితంలో మూడు స్వెట్టర్లు అల్లాడు. ఒకటి తనకి, ఒకటి తండ్రికి, ఒకటి వంకాయరంగు ఊలుతో అమ్మగారికి. అమ్మగారిది సన్నటి ఒళ్లు. ఆ స్వెట్టరు ఆవిడకి మోకాళ్ల దాకా వచ్చేది. ఆవిడ ఒక్కసారి కూడా ఆ మాట అనకుండా ఏడు చలికాలాలు తొడుక్కున్నారు.

రెండేళ్ల కిందట అమ్మగారు గోదాము పక్కనున్న రేకుల షెడ్డు తాళంచెవి అతని చేతికిచ్చి, ఆదివారాలు పిల్లలకి ఏదైనా చెప్పమన్నారు. ఏం చెప్పాలో చెప్పలేదు. దాలినాయుడు గురువారం పాఠాలు రాసుకున్న నోటు పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, మిలిటరీ పద్ధతిలో పని పూర్తి చేశాడు. పెద్దవాళ్లకి రెండు గంటలైతే పిల్లలకి గంట. పెద్దవాళ్లకి నాలుగు శ్లోకాలైతే పిల్లలకి రెండు. ఉపమానాలు ఆరుంటే మూడు. చివరి అరగంట దగ్గర కాస్త ఆలోచించాడు. అంత చిన్న పిల్లలకి అడగడానికి ఏముంటుందని దాన్ని అయిదు నిమిషాలు చేశాడు. మొదటి ఆదివారం పందొమ్మిది మంది వచ్చారు. ఏడాది తిరిగేసరికి పదకొండు మంది మిగిలారు. మధ్యలో ఒకసారి విసిగిపోయి పాఠం కట్టిపెట్టి, రెండు ఆదివారాలు మరమరాలు పంచి ఆటలు ఆడించాడు. పిల్లలు విరగబడి వచ్చారు, మరమరాలు తిన్నారు, పోయారు. ఈ కార్తీకానికి నలుగురు మిగిలారు. ఆ నలుగురిలో ఇద్దరు ఇంటి దగ్గర నీళ్లు మొయ్యడం తప్పించుకోవడానికి వస్తున్నవాళ్లని అతనికి తెలుసు.

ఒక గురువారం పాఠం అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, తాళంచెవి తీసి అమ్మగారి ముందు అరుగు మీద పెట్టాడు.

"ఏమిటిది నాయుడూ?"

"షెడ్డు తాళం అమ్మగారూ. నా వల్ల కావడం లేదు. మీరు చెప్పినదాన్ని సగానికి తగ్గించాను. ఆ సగాన్నీ తగ్గించాను. పిల్లలకి ఎక్కడం లేదు. ఇంకా ఎంత తగ్గిస్తే ఎక్కుతుందో చెప్పండి, తగ్గిస్తాను. లేదూ, ఇది పిల్లలకి కాదు అనండి, షెడ్డు మూసేస్తాను."

అమ్మగారు తాళంచెవిని చూశారు, అతన్ని చూశారు. లోపలి గుమ్మం వైపు చూశారు. అక్కడ వంటమనిషి సన్యాసమ్మ కూతురు గడపకి పొట్ట ఆనించుకుని, ఇవతలికి దిగాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఏడాదిన్నర పిల్ల. పేరు దేవుడమ్మ. పోయిన నాయనమ్మ పేరు. ఆ పేరు బరువుకి ఆ పిల్ల సైజుకి పొంతన లేక, పిలిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వేవారు. పోయిన పుష్యంలో ఆ పిల్లకి రొమ్ము పట్టేసి, ఊపిరి తీస్తే పక్కటెముకలు లోపలికి పోయేవి. జీపులో కిందికి దించి ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారు. ఆ పదకొండు రోజులూ అమ్మగారి ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు.

"తాళం ఆ మేకుకి తగిలించు," అన్నారు అమ్మగారు. "పుష్యం వస్తోంది. దీనికో స్వెట్టరు అల్లు."

"ఊలేదమ్మగారూ? నర్సీపట్నం వెళ్లాలి."

ఆవిడ లేచి లోపలికెళ్లి, వంకాయరంగు స్వెట్టరు తెచ్చి అతని ఒళ్లో పెట్టారు. మోచేతుల దగ్గర చిరిగింది గానీ మిగతాదంతా గట్టిగానే ఉంది. "ఇది విప్పు. పిల్లకి సరిపడా ఊలు వస్తుంది. నాకు శాలువా ఉంది."

తను అల్లిన స్వెట్టరు తనే విప్పాల్సి రావడం దాలినాయుడికి కష్టంగానే ఉంది. మేకు మీద తాళంచెవి కేసి చూశాడు. స్వెట్టరు అయ్యేదాకా జవాబు రాదని అర్థమైంది. తొమ్మిదేళ్ల శిష్యరికంలో ఆ మాత్రం తెలుసు. ఈలోగా ఆదివారాలు పిల్లలకి సెలవని చెప్పేశాడు.

విప్పిన ఊలు సేమ్యాలా మెలికలు తిరిగి ఉంటుంది. దాన్ని మోచేతికీ బొటనవేలికీ వేసి చిలపలు చుట్టి, నీళ్లలో తడిపి, కొసకి రాయి కట్టి దండెం మీద వేలాడదీస్తే మెలికలు పోతాయి. రెండు రోజులు ఆ పని చేసి, మూడో రోజున గోదాము వరండాలో ఎండలో కూర్చుని, గఢ్వాలీ నాయక్ కాగితం మడతలు విప్పాడు. దారి స్పష్టంగానే ఉంది. సిపాయికి వీపు వంద కుట్లు, పిల్లకి యాభై. సిపాయికి చంక దాకా పదహారు అంగుళాలు, పిల్లకి ఎనిమిది. చెయ్యి పద్దెనిమిది, పిల్లకి తొమ్మిది. మెడ చుట్టూ వంద కుట్లు, పిల్లకి యాభై. కాగితం అంచున పెన్సిలుతో అన్నీ సగం చేసి రాసుకున్నాడు. లెక్కల మాస్టారమ్మ శిష్యుడు కదా, సగాలు చెయ్యడంలో ఎక్కడా తప్పు పోలేదు. ఆటో, మోటారు సైకిలో ఆ దారిన వచ్చినప్పుడల్లా జనం ఆగి, మీసాల మనిషి ఊలు అల్లడం చూసి నవ్వేవారు. "నాయుడుగారూ, ఎన్నో నెల?" అని అడిగాడు ఒక డ్రైవరు. అతను తల ఎత్తకుండా కుట్లు లెక్కపెట్టుకున్నాడు.

పదిహేను రోజుల్లో స్వెట్టరు తయారైంది. చేతిలో పట్టుకుని చూస్తే ముచ్చటేసింది. అమ్మగారి స్వెట్టరు పిల్లని పెట్టినట్టుంది. పొద్దున్నే పట్టుకెళ్లాడు. సన్యాసమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, దేవుడమ్మని కాళ్ల మధ్య నిలబెట్టుకుని, ముందు ఒంటికి ఆనించి చూసింది. వెడల్పు సరిపోయింది. పొడుగు సరిపోయింది. చెయ్యి అంగుళం ఎక్కువైంది గానీ మడిస్తే మణికట్టుకి వచ్చింది.

"అచ్చు గుద్దినట్టుగుంది బాబూ," అంది సన్యాసమ్మ. తల మీంచి దించింది.

స్వెట్టరు నుదుటి దగ్గర ఆగిపోయింది.

సన్యాసమ్మ ఇటు లాగింది, అటు లాగింది. దాలినాయుడు మెడ అంచుని రెండు చేతుల వేళ్లతో సాగదీశాడు. అది కనుబొమ్మల దాకా వచ్చి, ఇక రానంది. లోపల చీకట్లో పిల్లకి ఏం జరుగుతోందో తెలియలేదు. మొదట చేతులు ఆడించింది, తర్వాత కాళ్లు తన్నింది, ఆ తర్వాత పెట్టిన ఏడుపుకి గోదాము పెంకుల మీది కాకులు లేచాయి. పైకి లాగబోతే చెవులు పట్టేశాయి. చివరికి ఎలాగో ఊడి వచ్చేసరికి దేవుడమ్మ ముఖం టమాటాలా ఉంది, చెవులు అంతకంటే ఎర్రగా ఉన్నాయి. పిల్ల దాలినాయుడి వంక చూసిన చూపు అతను చాలా రోజులు మరిచిపోలేదు. ఆ తర్వాత అతను ఆ వీధిలోకి వస్తే చాలు, గబగబా వెళ్లి తల్లి కొంగులో దూరేది. వంకాయలు చూసినా ఏడుస్తోందని సన్యాసమ్మ చెప్పింది. అందులో కొంత అతిశయోక్తి ఉండొచ్చు.

అమ్మగారు ఇదంతా అరుగు మీంచి చూస్తూనే ఉన్నారు. దాలినాయుడే వెళ్లి చెప్పుకున్నాడు. "లెక్క తప్పలేదమ్మగారూ. ఒళ్లంతా సరిపోయింది. మెడ ఒక్కటే."

"మరింకేం," అన్నారు ఆవిడ. ఆ మాటలో వెక్కిరింత ఉందో లేదో అతనికి తెలియలేదు.

మెడ విప్పాడు. భుజాల దాకా విప్పి, ఈసారి మెడ దగ్గర చాలా కుట్లు వదిలేసి, వెడల్పుగా అల్లాడు. ఈసారి అమ్మగారి అరుగు మీదే కూర్చున్నాడు, ఇంకో అయిదు రోజులు పట్టింది. మార్గశిరం సగం అయిపోయింది. తెల్లవారుతూనే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటోంది. పిల్లకి అప్పుడే చిన్న దగ్గు మొదలైంది. ఆ దగ్గు వినపడినప్పుడల్లా సన్యాసమ్మ చేతిలో పని ఆగిపోయేది. ఆవిడ చెయ్యి ఆగడం చూసి దాలినాయుడి సూదులు ఇంకా తొందరగా ఆడేవి.

రెండోసారి పిల్లని ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. తల సులువుగా దూరింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. దేవుడమ్మ రెండడుగులు వేసింది. కుడి భుజం మీంచి స్వెట్టరు జారింది. ఇంకో అడుగు వేసింది, ఎడమ భుజం బయటపడింది. మూడో అడుగుకి పిల్ల ఛాతీ మొత్తం మంచుకి ఎదురుగా ఉంది, స్వెట్టరు పొట్ట దగ్గర ముడతలు పడి ఉంది.

"తల దూరింది గానీ బాబూ," అంది సన్యాసమ్మ, నవ్వాలో ఏడవాలో తెలియక, "పిల్ల కూడా బయటికొచ్చేత్తంది."

ఆ రోజు దాలినాయుడు అరుగు చివర చాలాసేపు కూర్చున్నాడు. మేకు మీద తాళంచెవి ఎండకి మెరుస్తోంది. పదిహేడేళ్ల కిందట, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున బండరాళ్ల మీద గుడారం నిలబెట్టాడు. ఒక పిల్ల మెడ చుట్టూ ఊలు నిలబెట్టలేకపోతున్నాడు. ఆ మాట పైకి అనలేదు గానీ, అమ్మగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఆ కాగితం ఎవరిది?"

"నాయక్‌ది అమ్మగారూ."

"నాయక్ దేవుడమ్మని చూశాడా?"

"లేదమ్మగారూ."

"నువ్వు చూశావా?"

"రోజూ చూస్తున్నాను కదా."

"దాని కొలత దాన్ని అడిగావా?"

"ఏడాదిన్నర పిల్లని ఏం అడుగుతానమ్మగారూ!"

"తాడు పెట్టి అడుగు," అన్నారు ఆవిడ, మోకాళ్ల మీద చేతులాన్చి లేస్తూ.

అడగడం అంత సులువు కాలేదు. పిల్ల దగ్గరికి రాదు. దాలినాయుడు ఒక ఊలు పోగు తీసుకుని, గడపకి ఇవతల నేల మీద కూర్చుని, పిల్ల వైపు చూడకుండా, ఆ పోగుని తన తల చుట్టూ చుట్టుకున్నాడు. ముడి వేశాడు. కొస చెవి మీద వేలాడుతుంటే తల ఆడించాడు. తల్లి కొంగు వెనక నుంచి ఒక కన్ను కనపడింది. పోగు తీసి, మళ్లీ చుట్టుకున్నాడు. రెండో కన్ను కనపడింది. మూడోసారి చుట్టుకునేసరికి దేవుడమ్మ గడప దిగి వచ్చి, ఆ పోగు లాక్కుని, తన తల మీద పెట్టుకుంది. సన్యాసమ్మ లోపల నుంచి కదలకుండా చూస్తోంది. దాలినాయుడు మెల్లగా, ఆట ఆడుతున్నవాడిలాగే, పోగుని పిల్ల తల చుట్టూ తిప్పి, రెండు కొసలు కలిసిన చోట ఇంకో ముడి వేశాడు.

తన ముడికి పిల్ల ముడికి మధ్య దూరం నాలుగు వేళ్లు, అంతే.

నమ్మలేక టేపు తెచ్చాడు. తన ఛాతీ నలభై, పిల్లది ఇరవై. సరిగ్గా సగం. తన చెయ్యి పద్దెనిమిది, పిల్లది ఎనిమిది. సగానికి కాస్త తక్కువ. తన తల ఇరవై రెండు. పిల్ల తల పద్దెనిమిదిన్నర. ఆ అంకె కాగితం మీద రాసి, దాని కేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పిల్ల కేసి చూశాడు. ఇన్నాళ్లూ చూసింది ఇదే పిల్లని. పొట్టి కాళ్లు, బుల్లి చేతులు, గుప్పెడంత ఒళ్లు, వాటి మీద దాదాపు తన తలకాయంత తలకాయ. ఊరంతా ముద్దు చేస్తున్నది ఆ తలనే. అయినా ఎవరికీ కనపడలేదు.

కాగితం అమ్మగారికి చూపించాడు. ఆవిడ కళ్లజోడు పైకి తోసి, అంకెల వంక లెక్కల మాస్టారు చూసే చూపు చూశారు. "అవును మరి," అన్నారు. "పిల్లలు తలతోనే పుడతారు నాయుడూ. మిగతాది మెల్లగా పెరుగుతుంది."

ఆపైన దారి తెలిసిపోయింది. మెడ సన్నగా ఉండాలి, చలి దూరకూడదు. కానీ తల వచ్చేటప్పుడు తెరుచుకోవాలి. మళ్లీ భుజాల దాకా విప్పి, మెడ తిరిగి చిన్నదిగానే అల్లి, ఎడమ భుజం కుట్టెయ్యకుండా వదిలేశాడు. దాని అంచుకి ఒక పట్టీ అల్లి, తన పాత ఖాకీ చొక్కాకి ఉన్న గుండీలు మూడు కోసి దానికి కుట్టాడు. పిల్ల నోట్లో పెట్టుకుంటుందేమోనని ఒక్కొక్కదాన్నీ పళ్లతో లాగి చూశాడు. గుండీలు విప్పితే మెడ తలుపులా తెరుచుకుంటోంది. పెడితే మూసుకుంటోంది. ఇదేం గొప్ప కనిపెట్టడం కాదు. బజార్లో దొరికే పిల్లల స్వెట్టర్లకి ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ నలభై అంగుళాల సిపాయి కాగితం ముందుంటే అది ఎవరికీ గుర్తు రాదు.

మూడోసారి ఎవరూ పిల్లని పట్టుకోలేదు. సన్యాసమ్మ గుండీలు విప్పి తల మీద పెట్టగానే, ముందు రెండుసార్ల భయానికి పిల్ల గట్టిగా కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి తల బయట ఉంది. అటూ ఇటూ చూసింది. ఎవరినీ ఏమీ అడగకుండా కుడిచెయ్యి తనే తోసుకుంది. ఎడమచెయ్యి కాసేపు లోపల దారి వెతుక్కుంది, అదీ బయటికి వచ్చి వేళ్లు ఆడించింది. సన్యాసమ్మ మూడు గుండీలూ పెట్టి, పిల్ల ఛాతీ మీద చెయ్యి ఆన్చి, ఆ చేతిని అక్కడే కాసేపు ఉంచింది.

"ఎచ్చగుంది బాబూ," అంది.

దాలినాయుడు వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. అమ్మగారు ఏదైనా చెబుతారేమోనని చూశాడు. ఆవిడ శాలువా చుట్టుకుని చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. తన ప్రశ్న ఏమిటో గుర్తు తెచ్చుకున్నాడు. ఇంకా ఎంత తగ్గిస్తే ఎక్కుతుంది? అడిగే అరగంటని అయిదు నిమిషాలు చేసిన సంగతీ గుర్తొచ్చింది. మేకు మీదికి చెయ్యి వెళ్లింది. తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆవిడ బియ్యంలోంచి తల ఎత్తలేదు.

నేరుగా గోదాముకి పోలేదు. ఊరవతల పాంగి ఇంటిపేరు వాళ్ల ఇళ్ల వైపు నడిచాడు. పోయిన ఏడాది ఒక ఆదివారం, ప్రతి ప్రాణిలోనూ ఆత్మ ఉందనీ, దానికి చావు లేదనీ చెబుతుండగా, రత్నాలు అనే ఎనిమిదేళ్ల పిల్ల లేచి నిలబడి అడిగింది. "మా మేక సచ్చిపోనాది కదండీ. దానికీ ఆత్మ ఉంటే, మరి మేం దాన్ని తినేశాం కదండీ. ఇప్పుడదెక్కడున్నట్టు?" షెడ్డులో నవ్వులు లేచాయి. గంట అయిపోవచ్చింది, ఇంకో శ్లోకం మిగిలింది. "అవన్నీ పెద్దయ్యాక తెలుస్తాయి, కూర్చో," అన్నాడు దాలినాయుడు. పిల్ల కూర్చుంది. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పిల్లతో పాటు ఇంకో నలుగురు రాలేదు. అప్పుడు అతను వాళ్ల ఇళ్లలో పని ఉండి ఉంటుందనుకున్నాడు.

రత్నాలు మేకల దొడ్డి ముందు పనసాకులు వేస్తోంది.

"ఏం రత్నాలూ, షెడ్డుకి రావడం మానేశావేం?"

ఆ పిల్ల ఆకులు వెయ్యడం ఆపలేదు. "పెద్దయ్యాక వత్తానండి," అంది.

తగలవలసిన చోటే తగిలింది. దాలినాయుడు దొడ్డి గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. ఒక మేక అతని పంచె కొస నమలడం మొదలుపెట్టింది. లాక్కోలేదు.

"ఆ మేక సంగతి నాకు తెలీదు రత్నాలూ. తెలీదని ఆ రోజు చెప్పాల్సింది. చెప్పకుండా కూర్చోమన్నాను."

రత్నాలు తల ఎత్తి చూసింది. "మాస్టారుకే తెలీదా?"

"తెలీదు."

"మరి అమ్మగోరికి?"

"తెలిసినా చెప్పరు. ఏదో పని చెబుతారు. ఆదివారం వస్తే మనమే కూర్చుని చూద్దాం. నువ్వు ఆ ప్రశ్న మళ్లీ మొదటి నుంచి అడగాలి."

"నవ్వుతారండి."

"నవ్వనీ. నవ్వినవాళ్లనే ముందు చెప్పమందాం."

ఆ పిల్ల మేక కేసి చూసింది. "మీ పంచె తినేత్తందండి," అంది.

ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. దాలినాయుడు అలవాటుగా నోటు పుస్తకం తెరిచాడు, మొదటి శ్లోకం మొదటి పాదం చదివాడు, ఆపి రత్నాలు వైపు చూశాడు. రత్నాలు లేచి మేక ప్రశ్న అడిగింది. నవ్వులు లేచాయి. నవ్వినవాళ్లని ముందు చెప్పమన్నాడు. ఆ తర్వాత అతనికి మాట్లాడే వీలు చిక్కలేదు. మేక మన పొట్టలోనే ఉందని ఒకడన్నాడు. అందుకే మా తమ్ముడు ఎవరు కనపడితే వాళ్లని పొడుత్తాడని ఇంకొకడన్నాడు. అలాగైతే మేక తిన్న ఆకు ఎక్కడుందని ఒక చిన్నపిల్ల అడిగింది. వెనక నుంచి ఎవరో, "మరి ఆకు తిన్న ఎండ?" అన్నారు. దాలినాయుడు ఆ మాట ఎవరన్నారో చూడ్డానికి మెడ చాచాడు గానీ కనపడలేదు. గురువారం అరుగు మీద పెద్దవాళ్లు తొమ్మిదేళ్లలో ఒక్కసారి ఆ మాట దాకా వెళ్లారేమో. వెళ్లినట్టు అతనికి గుర్తులేదు.

గంట గడిచిపోయినా ఎవరూ లేవలేదు. లేచాక కూడా వాదించుకుంటూనే కాఫీ చెట్ల మధ్యలోంచి పోయారు.

అతను తాళం వేసి, అమ్మగారి ఇంటికి వచ్చాడు. సంతోషంగా ఉంది. సంతోషం అడుగున మిలిటరీ మనిషికి ఉండే బెంగ కూడా ఉంది. అప్పగించిన పని సగంలో వదిలేసినట్టు. దేవుడమ్మ వంకాయరంగు స్వెట్టరులో, మణికట్టు దగ్గర మడిచిన చేతులతో, అరుగు మీద కోడిపిల్ల వెంట పడి తిరుగుతోంది. దగ్గు లేదు. అతన్ని చూసి కొంగు కోసం వెతకలేదు. తల ముందుకి వంచి, దానికి ఊలు పోగు కట్టమన్నట్టు నిలబడింది.

"ఎలా ఉంది పాఠం?" అన్నారు అమ్మగారు.

"పాఠం జరగలేదమ్మగారూ. ఒక్క శ్లోకం కూడా కాలేదు. మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. మిగతా గంటంతా మేకతో సరిపోయింది. అర్థం చెప్పలేదు, ఉపమానాలు చెప్పలేదు, ఏమీ చెప్పలేదు."

అమ్మగారు వంగి, పిల్ల భుజం మీద ఊడిన గుండీ ఒకటి పెట్టారు.

"తల దూరింది కదా నాయుడూ," అన్నారు. "చేతులు అవే వస్తాయి."